అమీర్‌పేట మెడికల్ టెర్మినాలజీ క్లాస్: దేనికి డబ్బు కట్టచ్చు, దేనికి అక్కర్లేదు

మెడికల్ కోడింగ్ (పేషెంట్ రికార్డు, అంటే చార్టు చదివి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ కోసం జబ్బుకీ చికిత్సకీ కోడ్ నంబర్లు వేసే పని) కోర్సు కోసం అమీర్‌పేట రావాలా వద్దా అని మా జనగామ వైపు నుంచి జూనియర్లు అడుగుతూనే ఉంటారు. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక అంతా ఇక్కడ రాసేస్తున్నాను. నేను చదివింది బీఎస్సీ బీజెడ్‌సీ, పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఇప్పుడు ఒక కంపెనీలో గ్యాస్ట్రో చార్టులు కోడింగ్ చేస్తున్నాను. అందుకే నా ఉదాహరణలన్నీ కడుపు, పేగుల చుట్టూనే తిరుగుతాయి, ఏమనుకోకండి.

నేను చేరిన ఇన్‌స్టిట్యూట్ మైత్రీవనం వెనక సందుల్లో, లిఫ్ట్ ఉన్నా పనిచేయని ఒక బిల్డింగ్‌లో ఉంది. పేరు రాయను. తిట్టాల్సినవి చాలా ఉన్నాయి, మెచ్చుకోవాల్సింది ఒకటే ఉంది. ఆ ఒక్కటీ చెప్పిన మేడం వేరే చోట్ల కూడా క్లాసులు తీసుకుంటారు. బోర్డు చూసి చేరడం కంటే క్లాసులో కూర్చుని చూసి చేరడం మేలు.

ఆ ఒక్కటి మెడికల్ టెర్మినాలజీ. మూరెడు పొడుగున్న ఇంగ్లిష్ మాటని ఎక్కడ విరవాలి, విరిచాక ఏ ముక్క ముందు చదవాలి, ఏ ముక్కని నోటితో ఎలా పలకాలి, ఇదీ పాఠం. ప్యాకేజీలో మొదటి నెలంతా ఇదే ఉంటుంది. తర్వాత అనాటమీ, ఐసీడీ (జబ్బుల కోడ్‌లు), సీపీటీ (డాక్టర్లు చేసే ప్రొసీజర్ల కోడ్‌లు), మాక్ టెస్టులు, చివర్లో ప్లేస్‌మెంట్ సపోర్ట్ అని ఒకటి. అంతా కలిపి నా టైంలో ఇరవై వేల పైచిలుకు, రెండు వాయిదాల్లో. టెర్మినాలజీ ఒక్కటే విడిగా తీసుకుంటే అందులో నాలుగో వంతు కూడా కాదు. అయితే విడిగా ఇస్తామన్న సంగతి కౌంటర్‌లో వాళ్లంతట వాళ్లు చెప్పరు, మనమే గట్టిగా అడగాలి.

డెమో క్లాసుతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ పడిపోయేది అక్కడే. బోర్డు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకే మాట రాస్తారు: న్యుమనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కేనోకోనియోసిస్. ఇంగ్లిష్‌లో 45 అక్షరాలు. దాన్ని ముక్కలు చేసి, న్యుమనో అంటే ఊపిరితిత్తులు, కోని అంటే దుమ్ము, ఓసిస్ అంటే అదొక జబ్బు పరిస్థితి అని విడదీసి చూపిస్తారు. పావుగంటలో క్లాసంతా ఆ మాటని గుక్క తిప్పుకోకుండా చదివేస్తుంది. పిల్లలు వీడియోలు తీసుకుంటారు. బాగుంటుంది, కాదనను. కానీ ఆ మాట జబ్బు కోసం పుట్టింది కాదు. 1935లో అమెరికాలో పజిల్స్ ఆడేవాళ్ల సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ సరదాకి తయారుచేసిన పొడుగు మాట అది. చార్టులో డాక్టర్లు అలా రాయరు, సిలికోసిస్ అని రాసి ఊరుకుంటారు. డెమో చూసి మురిసిపోయి ఆ రోజే ఫీజు కట్టేయకండి. తర్వాతి రోజు జరిగే మామూలు క్లాసులో కూర్చోనిస్తారా అని అడగండి.

ఎందుకంటే అసలు సరుకు మామూలు క్లాసులోనే ఉంది. మేడం బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేసి, కొన్నేళ్లు కోడింగ్‌లో పనిచేసి, తర్వాత పాఠాలకి వచ్చారు. మూడు రంగుల మార్కర్లు వాడతారు. చివరి ముక్కకి ఎరుపు, అసలు అవయవానికి నీలం, ముందు ముక్కకి ఆకుపచ్చ. మాట ఎంత పొడుగున్నా ముందు ఎర్ర ముక్కే చదవాలి. 'ఏమైంది, ఏం చేశారు' అన్నది చివర్లో ఉంటుంది, 'ఎక్కడ' అన్నది మధ్యలో ఉంటుంది, 'ఎంత, ఎటువైపు, ఎలా' అన్నది మొదట్లో ఉంటుంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఎడమ నుంచి కుడికి గబగబా చదువుకుంటూ పోయి తడబడేవాళ్లు. మనకి క్రియ చివర్లో రావడం అలవాటే కాబట్టి నాకు ఈ పద్ధతి తొందరగానే ఎక్కింది.

తోక, అంటే ఆ చివరి ముక్క, మారితే కోడ్ ఎలా మారుతుందో చూడండి. కోలో అంటే పెద్దపేగు. కోలోటమీ అంటే పేగుని కోసి తెరవడం, కోలెక్టమీ అంటే కోసి తీసేయడం, కోలోస్టమీ అంటే పేగుకి పొట్ట మీద దారి పెట్టడం. పేషెంటుకి ఈ మూడూ మూడు వేర్వేరు జీవితాలు. సీపీటీలో మొదటిది 44025, కొంత భాగం తీసి మిగతాది కలిపే కోలెక్టమీ 44140, కోలోస్టమీ 44320. తోక దగ్గర ఒక్క ముక్క తప్పు చదివితే క్లెయిమ్ తిరిగొస్తుంది, మన క్వాలిటీ స్కోరు పడిపోతుంది.

దీని పక్కనే ఇంకో గుంట ఉంది. పిత్తానికి సంబంధించిన మాటల్లో ముందు సీ తర్వాత హెచ్ ఉంటుంది. పలికేటప్పుడు అది కూడా కోలే. తెలుగులో రాసుకుంటే పెద్దపేగూ పిత్తమూ ఒకటే అయిపోతాయి. నోట్స్ తెలుగు లిపిలో రాసుకునేవాళ్లు ఇక్కడ జాగ్రత్త, స్పెల్లింగ్ పక్కన రాసుకోండి. మా బెంచీలో ఒకతను దాన్ని చోలే అని చదివాడు, కోర్సు అయ్యేదాకా అతని పేరు భటూరానే. పిత్తాశయం తీసేసే కోలెసిస్టెక్టమీలో ఉన్నది ఈ హెచ్ ఉన్న కోలే. కోలే అంటే పిత్తం, సిస్ట్ అంటే సంచి, ఎక్టమీ అంటే తీసేయడం. పొట్ట కోసి చేస్తే 47600, లాప్రోస్కోపీతో చేస్తే 47562.

ముక్కల మధ్య అతుకు గురించి చెప్పిన పాఠం నాకు అన్నిటికంటే నచ్చింది. రెండు ముక్కల మధ్య ఓ అనే అచ్చు వస్తుంది, అది ఎప్పుడు ఉంటుంది, ఎప్పుడు పోతుంది అన్నది చాలా పుస్తకాల్లో రూలుగా ఇచ్చి వదిలేస్తారు. మేడం బోర్డు మీద 'వాడు + ఎవడు = వాడెవడు' అని రాశారు. క్లాసులో సగం మంది నవ్వారు, పదో తరగతి తెలుగు పేపరు గుర్తొచ్చి. ఉత్వ సంధిలో ఉ పోయి ఎ మిగిలినట్టే, గ్యాస్ట్రో పక్కన ఐటిస్ వస్తే ఓ పోయి ఐ మిగిలి గ్యాస్ట్రైటిస్ అవుతుంది. తోక హల్లుతో మొదలైతే ఓ ఉండిపోతుంది: గ్యాస్ట్రోస్కోపీ. ఇక రెండు అవయవాల పేర్లు పక్కపక్కన వస్తే మాత్రం రెండోది అచ్చుతో మొదలైనా సంధి జరగదు. అందుకే గ్యాస్ట్రోఎంటరైటిస్ అంటాం, గ్యాస్ట్రెంటరైటిస్ అనం. చిన్నయసూరి దగ్గర దెబ్బలు తిన్న బ్యాచ్ అంతా ఈ ఒక్క క్లాసులో కాలరెగరేసింది. హైదరాబాద్ ఇంగ్లిష్ మీడియం వాళ్లకే ఆ రోజు కాస్త కష్టమైంది.

ఇప్పటిదాకా చెప్పింది అర్థం కోసం విరవడం. పలకడం కోసం విరవడం వేరు. ఈ తేడా విడమరిచి చెప్పడమే ఈ క్లాసుకి, యూట్యూబ్‌లో ఉచితంగా దొరికే క్లాసులకి ఉన్న తేడా అని నా అభిప్రాయం. నా పనిలో రోజూ తగిలే మాటే తీసుకోండి: ఈసోఫాగోగ్యాస్ట్రోడ్యుయోడెనోస్కోపీ. చార్టులో ఈజీడీ అని రాస్తారు, మామూలుగా చూడటానికి చేసింది అయితే 43235. అర్థానికి ఇది నాలుగు ముక్కలు: అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం, లోపల చూడటం. గొట్టం నోట్లోంచి దిగే దారి ఏదో, మాటలో ముక్కలు అదే వరసలో ఉన్నాయి. డ్యుయోడెనమ్ అన్న పేరుకి మూలం పన్నెండు. పన్నెండు వేళ్ల వెడల్పంత పొడవు ఉంటుందని పాతకాలం వాళ్లు అలా పిలిచారు.

నోటికి మాత్రం ఆ మాట నాలుగు ముక్కలు కాదు. ఇ-సా-ఫ-గో-గ్యాస్-ట్రో-డ్యూ-ఓ-డి-నాస్-క-పీ. ఇవీ పన్నెండే, కాకతాళీయమే అనుకోండి. మేడం ఒక్కో సిలబుల్‌కి బల్ల మీద ఒకసారి కొట్టించేవారు. నాస్ దగ్గర గట్టిగా కొట్టాలి. చివరి నుంచి లెక్కపెడితే మూడోది. స్కోపీ, ఎక్టమీ, ఆలజీ, ఆగ్రఫీ అన్న తోకలున్న మాటలన్నిటికీ బలం చివరి నుంచి మూడో సిలబుల్ మీదే పడుతుంది. గమనించారా, ఆ నాస్‌లో సగం డ్యుయోడెనోది, సగం స్కోపీది. అర్థం కోసం కత్తెర పెట్టిన చోటే నోరు రెండిటినీ కలిపేసి గట్టిగా పలుకుతుంది. కోలెసిస్టెక్టమీలోనూ అంతే, సిస్ట్ చివరి టకారం వెళ్లి ఎక్‌తో కలిసి టెక్ అవుతుంది.

మన తెలుగువాళ్లం అన్ని అక్షరాలనీ సమానంగా పలుకుతాం. చార్టు చదువుకోవడానికి అదేం అడ్డు కాదు. ఇంటర్వ్యూలో టెక్నికల్ రౌండ్‌కి మాత్రం అడ్డే. నేను వెళ్లిన ఇంటర్వ్యూలో ఆవిడ స్క్రీన్ మీద మాటలు చూపించి చదవమన్నారు, అర్థం తర్వాతే అడిగారు. బల్ల మీద కొట్టిన అలవాటుకి వేలితో మోకాలి మీద కొట్టుకుంటూ చదివేశాను. టెన్షన్ సగం అక్కడే పోయింది.

పలకని అక్షరాల పాఠం కూడా బాగా చెప్పారు. న్యుమోనియా మొదట్లో ఉన్న పీ పలకదు. అదే పీ, ఎన్ జంట మాట మధ్యలోకి వస్తే పీ పలుకుతుంది, నిద్రలో ఊపిరి ఆగే ఆప్నియాలో లాగా. కంటి తెల్లగుడ్డు మీద రెక్కలా కండ పెరిగితే టెరీజియం, దానికీ మొదట్లో పలకని పీ ఉంది. గ్రీకులో రెక్కకి ఉన్న మాట అది. అదే రెక్క హెలికాప్టర్‌లోనూ ఉంది. మనం హెలి, కాప్టర్ అని విరుస్తాం, హెలిప్యాడ్ అని కూడా అనేస్తాం. అసలు అతుకు హెలికో, ప్టర్ దగ్గర. మెలి తిరిగే రెక్క అని. ఇలాంటివి విన్నాక పీ ఎక్కడ రాయాలో మళ్లీ బట్టీ పట్టక్కర్లేదు.

ఇక తిట్లు.

ప్యాకేజీతో ఇచ్చే స్టడీ మెటీరియల్ స్పైరల్ బైండింగ్ జిరాక్స్. మాటలు విడదీయడం నేర్పే పుస్తకంలో మాటలు విరిగిన తీరు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. లైను చివర చోటు చాలకపోతే ఎక్కడ పడితే అక్కడ తెగ్గొట్టేశారు. హెపటోస్ప్లెనోమెగాలీ అంటే కాలేయం, ప్లీహం రెండూ పెరగడం. పుస్తకంలో 'హెపటోస్' ఒక లైనులో, 'ప్లెనోమెగాలీ' కింద లైనులో ఉంది. హాస్టల్లో నా రూమ్మేట్ హెపటోస్ అనే కొత్త జబ్బు ఉందనుకుని విడిగా కార్డు కూడా రాసుకుంది పాపం. చిన్నపేగు చివరి భాగానికీ తుంటి ఎముకకీ ఉచ్చారణ ఒకటే, ఇలియమ్. పేగుకి మధ్యలో ఈ, ఎముకకి ఐ. పుస్తకంలో తుంటి బొమ్మ కింద ఈ ఉన్నదే అచ్చు వేశారు. మేడంకి చూపిస్తే పెన్నుతో దిద్దించారు, ఆఫీసులో చెబితే 'నెక్స్ట్ ఎడిషన్‌లో చూస్తాం' అన్నారు. మా తర్వాతి బ్యాచ్ వాళ్ల పుస్తకంలోనూ అదే బొమ్మ, అదే తప్పు. ఫ్లాష్ కార్డులకి విడిగా డబ్బు తీసుకుంటారు. పల్చటి అట్ట, నెల తిరక్కుండానే అంచులు వంకర తిరిగాయి. పదో పరకో పెట్టి తెల్ల కార్డులు కొనుక్కుని మీరే రాసుకోండి, రాసేటప్పుడే సగం వచ్చేస్తుంది.

ఆ పుస్తకం బదులు మేడం మెరియమ్-వెబ్‌స్టర్ డిక్షనరీ వెబ్‌సైట్ చూడమనేవారు. ఉచితం, పలికి వినిపిస్తుంది కూడా. దానికీ ఒక మెలిక ఉంది, అది తెలియక చాలామంది డిక్షనరీనే తప్పంటారు. మాట మధ్యలో పెట్టే చుక్కలు సిలబుల్స్ కోసం కాదు. అచ్చులో లైను చివర మాట తెగాల్సి వస్తే ఎక్కడ తెంచచ్చో చెప్పే చుక్కలవి. ఎనీమియాకి అక్కడ ఒకటే చుక్క ఉంటుంది, 'మియా'కి ముందు. మొదట్లో ఒంటరి అక్షరాన్ని, చివర్లో ఒంటరి అక్షరాన్ని లైనుకి వదిలేయరు కాబట్టి రెండే ముక్కలు. పలకడానికి అదే మాట నాలుగు సిలబుల్స్, అ-నీ-మి-అ. అర్థానికి మళ్లీ వేరే రెండు ముక్కలు: అన్ అంటే లేకపోవడం, ఈమియా అంటే రక్తం. ఒకే మాటకి మూడు రకాల కోతలు. పలుకు కావాలంటే చుక్కలు వదిలేసి, కింద అడ్డగీతలతో ఇచ్చిన ఉచ్చారణ చూడండి. మా మెటీరియల్ తయారుచేసినవాళ్లు ఈ చుక్కలన్నా చూసి ఉంటే హెపటోస్ పుట్టేది కాదు.

ముక్కల పద్ధతి అన్నిటికీ పనిచేస్తుందని మాత్రం అనుకోకండి. మనుషుల పేర్లతో ఉన్న జబ్బులు, క్రోన్స్, పార్కిన్సన్స్ లాంటివి, విరిచినా లోపల ఏమీ ఉండదు, బట్టీనే. ఓమా అంటే గడ్డ అని నేర్పిస్తారు, కానీ గ్లాకోమాలో ఏ గడ్డా లేదు, హెమటోమాలో ఉన్నది పేరుకున్న రక్తమే. మింగలేకపోవడం డిస్ఫేజియా, మాట సరిగా రాకపోవడం డిస్ఫాసియా. స్పెల్లింగ్‌లో తేడా ఒక్క అక్షరం, జీ ఉంటే మింగడం, ఎస్ ఉంటే మాట. కోడ్‌లు మాత్రం ఎక్కడో దూరంగా ఉంటాయి, ఐసీడీలో ఒకటి ఆర్13లో, ఇంకోటి ఆర్47లో. ముక్కలు సరిగ్గా విరిగి అర్థం పూర్తిగా పక్కదారి పట్టించేవీ ఉన్నాయి. మలేరియాని విరిస్తే ఇటాలియన్‌లో చెడ్డ గాలి. గాలికి సంబంధం లేదు, దోమలోనే పరాన్నజీవి ఉందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుక్కున్నది మన సికింద్రాబాద్‌లోనే. ఆయన పనిచేసిన బిల్డింగ్ బేగంపేటలో ఉంది, అమీర్‌పేట నుంచి మెట్రోలో దగ్గరే. మేడం ఇది చెప్పిన తర్వాతి ఆదివారం మేం కొందరం వెళ్లి బయటి నుంచి చూసొచ్చాం.

పరీక్షకి ఇదంతా ఎంత పనికొస్తుందంటారా? కోడర్ సర్టిఫికెట్ కోసం రాసే సీపీసీ పరీక్షలో 100 ప్రశ్నలు, 4 గంటలు, పాసవ్వడానికి 70 శాతం. కోడ్ పుస్తకాలు పక్కన పెట్టుకోనిస్తారు. అందుకే చాలామంది 'పుస్తకం చూసి రాసేదానికి టెర్మినాలజీ ఎందుకు' అంటారు. ఒక్కో ప్రశ్నకి రెండున్నర నిమిషాలు కూడా రావు. మాట చూడగానే ఏ అవయవం, ఏం చేశారు అన్నది తెలియకపోతే అంత లావు పుస్తకంలో ఏ సెక్షన్ తెరవాలో తెలియదు. ఇండెక్స్ తిరగేస్తూ కూర్చుంటే టైం అయిపోతుంది.

మిగతా ప్యాకేజీ గురించి ఎక్కువ చెప్పను. అనాటమీ క్లాసు ఇంటర్ జువాలజీ చదివినవాళ్లకి రివిజన్ లాంటిది. ఐసీడీ, సీపీటీ క్లాసులు పీపీటీ చూసి చదివేయడమే, మాస్టారు మారుతూ ఉంటారు. పోస్టర్ మీద వంద శాతం ప్లేస్‌మెంట్ అని ఉంటుంది. ఆచరణలో అది ఒక వాట్సాప్ గ్రూపు. అందరికీ తెలిసిన వాక్-ఇన్ మెసేజ్‌లే అందులో ఫార్వర్డ్ అవుతాయి. నా ఉద్యోగం ఆ గ్రూపు వల్ల రాలేదు, సీనియర్ అక్క రిఫరల్ వల్ల వచ్చింది.

స్టార్లు ఇవ్వమంటే టెర్మినాలజీ నెలకి నాలుగున్నర, మెటీరియల్‌కి ఒకటి, ప్లేస్‌మెంట్ పేరుతో తీసుకునే డబ్బుకి సున్నా. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు టెర్మినాలజీ ఒక్కటే అమీర్‌పేటలో చేసుకుని, మిగతాది పాత ఎడిషన్ కోడ్ పుస్తకాలు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుని ఇంటి దగ్గర ప్రాక్టీస్ చేసుకోవచ్చు. పరీక్షకి మాత్రం ఏ ఏడాది పుస్తకాలు కావాలో ముందే కనుక్కోండి. ఆన్‌లైన్ బ్యాచ్ కూడా ఉంది, కానీ బల్ల మీద కొట్టించే పాఠం మ్యూట్‌లో కూర్చుని వింటే ఏం వస్తుంది?

చేరేటట్టయితే పొద్దున ఏడు గంటల బ్యాచ్‌కే వెళ్లండి. సాయంత్రం బ్యాచ్‌కి డెమో ఈ మేడం చెప్పి, తర్వాత క్లాసులు వేరేవాళ్లకి అప్పగించిన సందర్భాలు ఉన్నాయి. డెమో అయిపోగానే 'నెలంతా మీరే చెబుతారా మేడం' అని ఆమెనే అడగండి. కౌంటర్‌లో అడిగితే ఎవరికైనా అవుననే చెబుతారు.